కాన్ రెసిడెన్సీకి స్క్రిప్టు పంపేముందు

2000లో మొదలైన కాన్ చిత్రోత్సవ రెసిడెన్సీ ఏటా 12 మంది దాకా కొత్త దర్శకులను ప్యారిస్‌కు పిలుస్తుంది. నాలుగున్నర నెలలు అక్కడుండి మొదటి లేదా రెండో కథాచిత్రం స్క్రిప్టు రాసుకోవాలి. షూటింగుకు చోటు కాదది.

దరఖాస్తులో కథాసంగ్రహం ముగింపుతో సహా రాయండి. సస్పెన్స్ కోసం చివర దాచేస్తే కథ నిలుస్తుందో లేదో చదివేవాళ్లకు తేలదు. దర్శకుడి మాటలో, అంటే సినిమాను ఎలా తీస్తారో మీరు రాసే నోట్‌లో, ఇతివృత్తాన్ని పొగుడుకోకండి. కెమెరా ఎక్కడుంటుంది, శబ్దం ఎలా ఉంటుంది, ఈ కథ మీరే ఎందుకు తీయాలి, స్క్రిప్టు ఎక్కడ చిక్కుపడింది, ఇవి చెప్పండి. ఆ చిక్కు విప్పుకోడానికే కదా ఆ నెలలు!

తెలుగు స్క్రిప్టును ఇంగ్లిష్‌లోకి తెచ్చేటప్పుడు బావ, వదిన లాంటి వరసలు అలాగే ఉంచి, తొలిసారి మాత్రం బంధుత్వం విడమర్చండి. దరఖాస్తుతో పంపే మీ పాత షార్ట్‌ఫిల్మ్ లింకు, పాస్‌వర్డు వేరే ఫోన్లో తెరిచి సరిచూసుకోండి. సబ్‌టైటిల్స్‌ను వీడియోలోనే కలిపేయండి. విడి ఫైలైతే కనిపించకుండా పోవచ్చు.