చెప్పులు ముందు, పెట్టె తర్వాత: విశాఖ ఉప్పుగాలిలో ప్రయాణపు సామాను ఎంచుకోవడం

నాలుగైదేళ్లు అట్టపెట్టెలో భద్రంగా దాచిన బూట్లు. అరకు వెళ్లే రోజు బయటికి తీసి వేసుకుంటే, బొర్రా గుహల మెట్లు దిగేసరికి అడుగుభాగం పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తుంది. పట్టుమని పదిసార్లు వెయ్యలేదు కదా, ఎలా పాడైంది అనిపిస్తుంది. ఆ సోల్ పాలీయురేథేన్‌ది, అంటే పీయూ. గాల్లోని తేమ లోపలికి చేరి ఆ పదార్థపు అల్లికను కొద్దికొద్దిగా తెంచేస్తుంది. వేసుకున్నా, అటక మీద పెట్టినా ఆ పని ఆగదు. ఏడాదిలో ఎక్కువ రోజులు చెమ్మగా ఉండే మన ఊళ్లో ఇంకాస్త త్వరగా అవుతుంది.

అందుకే కొనేటప్పుడు సోల్ దేనితో చేశారో అడగండి. రబ్బరు, ఈవీఏ (స్పాంజిలా మెత్తగా, తేలిగ్గా ఉండే పదార్థం) ఇలా పొడిపొడిగా రాలవు. పీయూ తీసుకుంటే అట్టపెట్టె మీది ఎంఆర్‌పీ స్టిక్కర్‌లో తయారైన నెల, సంవత్సరం చూడండి. క్లియరెన్స్ సేల్‌లో సగం ధరకు వచ్చే జతకు అప్పటికే మూడేళ్లు నిండి ఉంటే అది చవక బేరం కాదు. ఇంట్లో ఉన్న పాత జతనైతే ప్రయాణానికి రెండు వారాల ముందే తీసి, సోల్ అంచును గోటితో నొక్కి, ముందుభాగం వంచి చూడండి. జిగురు తగిలినా, సన్నని పగుళ్లు కనిపించినా, పొడి రాలినా ఆ జతను వదిలెయ్యాల్సిందే. కుట్టించినా లాభం లేదు, కుట్టు పట్టుకోవడానికి అక్కడ గట్టి పదార్థమే ఉండదు. సోల్ బాగానే ఉండి అంచు మాత్రం ఊడితే అది వేరే సంగతి. గట్టి రబ్బరు సోల్‌కి చుట్టూ కుట్టు వేయిస్తే ఏళ్ల తరబడి నడుస్తుంది. మెత్తటి ఈవీఏ ఉన్న రన్నింగ్ షూస్‌కి వేయిస్తే దారం దాన్ని కోసేస్తుంది.

పాదం కొలత

సాయంత్రం కొలవండి. పొద్దుటికి సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది, నడిస్తే ఇంకా ఉబ్బుతుంది. గోడకు ఆనించి నేల మీద కాగితం పెట్టి, మడమ గోడకు తగిలేలా బరువంతా వేసి నిలబడండి. అన్నిటికంటే ముందుకొచ్చిన వేలి దగ్గర గీత గీయండి. అది బొటనవేలే కానక్కర్లేదు, చాలామందికి పక్కవేలే పొడుగు. రెండో కాలు కూడా కొలవండి, రెండూ సమానంగా ఉండటం అరుదు. పెద్దదాని కొలతకు 10 నుంచి 12 మిల్లీమీటర్లు కలిపితే బూటు లోపలి పొడవు వస్తుంది. నెంబరు మీద ఆధారపడొద్దు. ఒక కంపెనీ 8, ఇంకో కంపెనీ 8 ఒకటి కావు.

పొడవు సరిపోయాక అసలు చిక్కు వెడల్పు. చిన్నప్పటినుంచీ చెప్పులతో, ఉత్తకాళ్లతో తిరిగిన పాదం వేళ్ల దగ్గర విచ్చుకుని ఉంటుంది. సన్నటి మూతి ఉన్న బూట్లలో చిటికెనవేలు నలిగి, మధ్యాహ్నానికి బొబ్బ కడుతుంది. వెడల్పు చాలడం లేదని ఒక సైజు పెద్దది తీసుకుంటారు కొందరు. అప్పుడు మడమ జారడం మొదలై బొబ్బ అక్కడ వస్తుంది. లోపలి ఇన్‌సోల్ ఊడదీసి దాని మీద నిలబడండి. పాదం అంచులు బయటికి పొంగుతుంటే ఆ మోడల్ మీది కాదు.

షాపులో ప్రయాణంలో వేసుకునే మేజోళ్లతోనే వేసి చూడండి. మెట్లుంటే దిగండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకోకూడదు. బూటును చేతుల్లో పట్టుకుని వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. నట్టనడుమ విరిగినట్టు మడత పడితే అరికాలికి ఆసరా ఉండదు. మడమ కొంచెం జారుతోందంటే ఒక కిటుకు ఉంది. పైన వాడకుండా ఉండిపోయే చివరి రంధ్రంలోకి తాడును అదే పక్క నుంచి దూర్చి చిన్న ఉచ్చు చెయ్యండి, రెండో పక్కా అలాగే. ఎదుటి తాడును ఆ ఉచ్చులోంచి లాగి ముడేస్తే మడమ కదలదు. కొత్త జతను ప్రయాణం రోజే తొడగకుండా కనీసం 10 రోజులు బీచ్ రోడ్డు మీదో, వీధిలోనో వేసుకుని తిరగండి.

వెళ్లే చోటును బట్టి

బొర్రా గుహల్లో పైనుంచి నీటి బొట్లు పడుతూ మెట్లు తడిగా ఉంటాయి. అరకు దగ్గర చాపరాయి వాగు బండ నున్నటి వాలు. ఇలాంటి చోట సోల్ కింద గాడులు ఎంత లోతున్నాయన్నది పెద్దగా పనికిరాదు. రబ్బరు ఎంత మెత్తన అన్నదే పట్టు. గోటితో నొక్కితే కాస్త దిగి మళ్లీ లేవాలి. గట్టి పీవీసీ సోల్ తడి బండ మీద సబ్బులా జారుతుంది. పాకుడు పట్టిన చోట మాత్రం ఏ బూటూ కాపాడదు, అక్కడ కాలు పెట్టకపోవడమే.

వాటర్‌ప్రూఫ్ బూట్లు ఇక్కడి ఉక్కపోతకు దండగ. లోపలి చెమట బయటికి పోదు, పైనుంచి వాన నీళ్లు దిగితే అవీ పోవు. గాలాడే జాలీ బూట్లు తడిసినా త్వరగా ఆరతాయి. తడిసినవాటిని ఎండలో పెట్టొద్దు, జిగురు వదులుతుంది. ఇన్‌సోల్ తీసి, లోపల పాత న్యూస్‌పేపర్ కుక్కి ఫ్యాను కింద పెట్టి, రెండు మూడు గంటలకోసారి కాగితం మార్చండి. మనాలి మంచు కోసమని బరువైన బూట్లు ఇక్కడినుంచి మోసుకెళ్లడం కూడా అనవసరం, అక్కడ అద్దెకిస్తారు.

గుళ్లు ఎక్కువున్న యాత్రకు తాళ్ల బూట్లు పెద్ద విసుగు. వెనక పట్టీ ఉన్న శాండిల్ మేలు, విప్పడం తొడగడం క్షణంలో పని. సింహాచలం గిరి ప్రదక్షిణ అయితే సుమారు 32 కిలోమీటర్లు, చాలామంది ఉత్తకాళ్లతోనే చేస్తారు. అది పూర్తయ్యేసరికి పాదాలు ఉబ్బిపోయి, వచ్చేటప్పుడు వేసుకున్న బూట్లు పట్టవు. పట్టీలు వదులు చేసుకునే శాండిల్స్ గుడ్డసంచిలో పెట్టి తోడొచ్చిన వాళ్లకివ్వండి. షుగర్ ఉన్నవాళ్లు ఉత్తకాళ్లతో నడిచే ముందు డాక్టరును అడగాలి. వాళ్లకు అరికాల్లో దిగిన ముల్లు కూడా తెలియకపోవచ్చు.

మొత్తానికి రెండు జతలు చాలు, ఒకటి కాళ్లకు, ఒకటి సంచిలో. బరువైనది కాళ్లకే ఉండాలి.

ఇప్పుడు పెట్టె

చెప్పులు తేలాకే పెట్టె సైజు తేలుతుంది, లోపల ఎక్కువ చోటు తినేది అవే. దేశంలో విమానాల్లో సాధారణంగా చేతి సామాను 7 కిలోలు, కౌంటర్‌లో అప్పగించేది 15 కిలోలు. 28 అంగుళాల పెట్టె ఖాళీదే నాలుగు కిలోల దాకా తూగుతుంది. అంత చోటుంటే నింపకుండా మనసొప్పదు, తీరా కౌంటర్ దగ్గర అదనపు డబ్బు కట్టాలి. ఒక మనిషికి 24 అంగుళాలది సరిపోతుంది. రైల్లో స్లీపర్‌కి, థర్డ్ ఏసీకి 40 కిలోల దాకా ఉచితమే కానీ, ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు మోసేది మీరే. ఇంట్లో నింపాక మేడమెట్లు ఒకసారి ఎక్కి దిగి చూడండి.

నాలుగు చక్రాల పెట్టె విమానాశ్రయం నేల మీద హాయి. రైల్లో బెర్తు కింద పెడితే కుదుపుకి బయటికి దొర్లుకొస్తుంది, అడ్డంగా పడుకోబెట్టాలి. రైళ్లే ఎక్కువైతే రెండు చక్రాలది మంచిది, దాని చక్రాలు పెద్దవి, గతుకుల మీద లాగొచ్చు. అరకులాంటి రెండు రోజుల ప్రయాణానికి చక్రాలే వద్దు, 30 నుంచి 40 లీటర్ల బ్యాక్‌ప్యాక్ చాలు. నడుం పట్టీ ఉండాలి, ఆ పట్టీ బిగిస్తే బరువు భుజాల మీంచి తుంటి మీదికి దిగుతుంది.

గట్టి పెట్టెల్లో మూడు రకాల ప్లాస్టిక్‌లు వస్తాయి. ఏబీఎస్ చవక, దెబ్బకు తెల్లగీత పడి పగులుతుంది. పాలీప్రొపిలీన్, పాలీకార్బొనేట్ నొక్కితే లోపలికి వంగి తిరిగొస్తాయి. బొటనవేలితో నొక్కి చూస్తే తేడా తెలుస్తుంది. గుడ్డ పెట్టె తేలికే గానీ మన చెమ్మకు బూజు పడుతుంది. రెక్సిన్ హ్యాండిల్ పొలుసులుగా ఊడటం, బ్యాక్‌ప్యాక్ లోపలి పూత జిగటై కంపు కొట్టడం, రెండూ బూటు సోల్‌కి పట్టిన రోగమే. షాపులో లోపలి పూతను ముట్టుకుని, వాసన చూసి తీసుకోండి.

షాపు గ్రానైట్ మీద ఏ చక్రమైనా బాగానే తిరుగుతుంది. పెట్టెలో మరో రెండు బ్యాగులు కుక్కి, బయట ఫుట్‌పాత్ మీద లాగి చూపించమనండి. చక్రం రివిట్‌తో కాకుండా స్క్రూతో బిగించి ఉంటే తర్వాత మార్చుకోవచ్చు. జిప్పు లాగే మొన ఇనుముదైతే సముద్రపు గాలికి తుప్పు పట్టి బిగుసుకుంటుంది. పళ్లు లావుగా ఉన్న నైలాన్ జిప్పు ఎన్నుకోండి, కొవ్వొత్తి రుద్దితే తేలిగ్గా నడుస్తుంది.

సర్దేటప్పుడు చెప్పులు చక్రాల వైపు, లోపల మేజోళ్లు కుక్కి పెట్టండి. ఆవకాయ సీసా చేతి సామానులో వద్దు, సెక్యూరిటీలో ఆపేస్తారు. మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో వేసి, పెద్ద పెట్టెలో బట్టల నడుమ పెట్టండి. పవర్ బ్యాంక్ సంగతి దీనికి ఉల్టా, అది చేతి సామానులోనే ఉండాలి.

రిషికొండ ఇసుకలోంచి వచ్చాక చక్రాలను, జిప్పును పాత టూత్‌బ్రష్‌తో దులిపి, మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడవండి. పూర్తిగా ఆరాకే అటక ఎక్కించండి. ప్లాస్టిక్ కవర్లో మూట కట్టొద్దు, జిప్పు సగం తెరిచి ఉంచి లోపల న్యూస్‌పేపర్ వెయ్యండి. కలరా ఉండలు పురుగులకే పనిచేస్తాయి, బూజు వాటిని లెక్కచెయ్యదు. తాళం నెంబరు ఫోన్లో రాసుకోండి.