హాస్పిస్‌ గురించి ఎప్పుడు అడగాలి?

హాస్పిస్ అంటే జబ్బు ఇక నయం కాని దశలో ఉన్నవాళ్లకి నొప్పి, ఆయాసం తగ్గించి చివరిదాకా హాయిగా చూసుకునే చోటు, లేదా ఇంటికొచ్చి చేసే సేవ. చాలా ఇళ్లలో ఆ మాట ఎత్తగానే "అంటే ఇక వదిలేసినట్టేనా?" అని ఎవరో ఒకరు ఏడుస్తారు, సంగతి అక్కడితో ఆగిపోతుంది. మనిషికి మాట కూడా పడిపోయాక, ఇక రెండ్రోజులే అన్నప్పుడు ఫోన్లు మొదలుపెడతారు. అప్పటికి హాస్పిస్ వాళ్లు చేయగలిగింది చాలా తక్కువ. దయచేసి ముందే అడగండి.

పగలు సగానికి పైగా మంచం మీదే ఉంటున్నారా, బాత్రూంకి కూడా ఎవరో పట్టుకోవాల్సి వస్తోందా, ఇష్టమైన పప్పుచారు కలిపి పెట్టినా రెండు ముద్దలకే చాలంటున్నారా, డిశ్చార్జి అయి వచ్చిన పది పదిహేను రోజులకే అదే ఆయాసంతో మళ్లీ ఎమర్జెన్సీకి పరుగెత్తుతున్నారా? ఇవి కలిసి కనబడితే అడగాల్సిన టైం వచ్చినట్టే. క్యాన్సరే కానక్కర్లేదు. గుండె, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు ముదిరినా అంతే.

డాక్టర్‌ని "ఎన్నాళ్లుంటారు?" అంటే సూటిగా చెప్పరు. "వచ్చే ఏడాది ఈపాటికి ఈయన లేకపోతే మీకు ఆశ్చర్యంగా ఉంటుందా?" అని అడగండి. "ఈ కీమోతో నొప్పి తగ్గుతుందా, ఆయుష్షు పెరుగుతుందా? రెండూ లేకపోతే ఎందుకు?" అని కూడా అడగండి. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ఉంటే ఈ మాటలు వీడియో కాల్‌లో వాళ్లూ విననివ్వండి. లేకపోతే అర్ధరాత్రి వెంటిలేటర్ దగ్గర గొడవ అవుతుంది.

బాగా ఎక్కువ నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అనే మందంటే జనానికి విపరీతమైన భయం. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే అది ప్రాణం తీయదు. నొప్పి వచ్చాక కాకుండా టైం ప్రకారం వేయాలి, మలబద్ధకం దాదాపు ఖాయం కాబట్టి దానికి మందు మొదటి రోజే రాయించుకోండి. ప్రతి మెడికల్ షాపులో అది దొరకదు, 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులు తేలిగ్గా ఇవ్వగలుగుతున్నాయి.

హైదరాబాద్‌లో అయితే రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం (నొప్పి, బాధ తగ్గించి చూసే విభాగం) ఉంది, ఖాజాగూడ వైపు స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోకుండా పేషెంట్లని చూసుకుంటుంది. తెలంగాణ జిల్లాల్లో ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో 'ఆలన' గురించి అడగండి, ఇంటికొచ్చి చూసే సేవ అది.

ఇల్లు వదలనంటే బలవంతంగా తరలించకండి, ముందు ఇంటికొచ్చే టీం కోసమే చూడండి. హాస్పిస్‌లో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి, పేషెంట్‌ని మోసుకెళ్లక్కర్లేదు, మొదటిసారి కాగితాలతో మీరొక్కరు వెళ్లి మాట్లాడి రావచ్చు.