హీదర్ పూలతో టీ, కాళ్ళకి కాపడం: ఇంట్లో ఎలా చేసుకోవాలి?

ఆగస్టులో స్కాట్లండ్ కొండలెక్కినవాళ్ళకి హీదర్ అనే పూల పొదని పరిచయం చెయ్యక్కర్లేదు. ఎడిన్‌బరా పక్కనున్న పెంట్‌లాండ్ కొండలైనా, పైన కెయిర్న్‌గార్మ్స్ అయినా, ఎటు చూసినా ఊదా రంగే, వంగి చూస్తే తేనెటీగలే. అక్కడ చదువుకో ఉద్యోగానికో వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఫొటోలు దిగి వచ్చేస్తారు. అక్కడి పల్లె జనం మాత్రం తరతరాలుగా దీన్ని మందుగా వాడుకున్నారు: మూత్రంలో మంటకి, కీళ్ళ నొప్పులకి, దగ్గుకి, నిద్ర పట్టకపోతే. అక్కడి కొండసీమ హైలాండ్స్‌లో జనం హీదర్ కొమ్మలు పూలవైపు పైకి ఉండేలా పేర్చి దాని మీదే పడుకునేవారు. ఆ పరుపు మీద అలసిపోయి పడుకున్నవాళ్ళు పొద్దున్నే హుషారుగా లేస్తారని జార్జ్ బుకానన్ 1582లో అచ్చయిన తన స్కాట్లండ్ చరిత్రలో రాశాడు.

ముందు మొక్కని సరిగ్గా గుర్తుపట్టండి

మందుకి వాడేది కలూనా వల్గారిస్ అనే రకం. ఆకులు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటాయి, ఎదురెదురుగా నాలుగు వరసల్లో, సన్నగా జడ అల్లినట్టు కొమ్మకి అతుక్కుని ఉంటాయి. పూలు లేత ఊదా గులాబీ రంగు. అదే కొండ మీద బెల్ హీదర్ కూడా పెరుగుతుంది. దాని పూలు ముదురు రంగులో చిన్న గంటల్లా ఉంటాయి, ఆకులు సూదుల్లా మూడేసి ఒక చోట పుడతాయి, పూత కూడా కాస్త ముందే మొదలవుతుంది. కింద చెప్పినవన్నీ కలూనాకి మాత్రమే.

మన నర్సరీల్లో మెక్సికన్ హీదర్ అని కుండీల్లో అమ్మేది అసలు హీదర్ కాదు, కూఫియా అనే మొక్క, గోరింటాకు కుటుంబానికి చెందింది. పేరు చూసి దాంతో టీ కాచుకోకండి. యూరప్ షాపుల్లో అలంకరణకి అమ్మే హీదర్ కుండీలు కూడా వద్దు, వాటిలో కొన్నింటికి రంగు స్ప్రే చేస్తారు, పురుగుమందులు కూడా కొట్టి ఉండొచ్చు.

కోయడం

పొడిగా ఉన్న రోజు, మంచు ఆరాక వెళ్ళండి. కొమ్మ మీద సగం పూలు విచ్చుకున్నప్పుడు, పైన పూత ఉన్న జానెడులో సగం మేర కత్తెరతో కత్తిరించండి, ఒకే పొద మీద పడకుండా అక్కడక్కడా కొంచెం కొంచెం. వేళ్ళతో సహా పీకకూడదు. స్థలం యజమాని అనుమతి లేకుండా ఏ అడవి మొక్కనైనా పెకలించడం అక్కడ 1981 చట్టం ప్రకారం నేరం. ఇంటి వాడకానికి గుప్పెడు కోసుకోవడం వేరు, అమ్మకానికి కోయడం వేరు. రోడ్డు పక్కవీ, కుక్కల్ని తిప్పే దారి పక్కవీ వదిలేయండి. ఆగస్టు 12 నుంచి గ్రౌస్ పక్షుల వేట మొదలవుతుంది, కొండ మొదట్లో బోర్డులుంటే చదివి, తుపాకీ చప్పుడు వినిపించే వైపు పోకండి.

ఇంకొకటి, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు: ఈ పొదల్లో టిక్ అనే పిడుదు పురుగులుంటాయి, వాటి కాటుతో లైమ్ జబ్బు రావచ్చు. ఫుల్ ప్యాంటు వేసుకుని అంచులు సాక్సుల్లోకి దోపండి. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, గజ్జల్లో, నడుము దగ్గర చూసుకోండి. పట్టుకుని ఉంటే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా పైకి లాగెయ్యాలి. తర్వాత కొన్ని వారాల్లో ఎర్రటి మచ్చ పెద్దదవుతూ కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఆరబెట్టడం

దులిపి, పాత బట్ట మీద పలచగా పరిచి నీడన ఆరనివ్వండి. అక్కడి చెమ్మకి వారం దాకా పట్టొచ్చు. కొమ్మ పుటుక్కున విరిగితే ఆరినట్టే. అప్పుడు వేళ్ళతో దూసి గాజు సీసాలో పెట్టుకోండి.

టీ

కప్పుకి ఒకటి రెండు చెంచాల ఎండు పూలు. మరిగిన నీళ్ళు పోసి మూతపెట్టి పది నిమిషాలు వదిలెయ్యండి. మన చాయ్‌లాగా పొయ్యి మీద మరగబెడితే టానిన్లు ఎక్కువ దిగి వగరెక్కి నోట్లో పెట్టుకోలేరు. పాలు వద్దు. మామూలు టీ వడగట్టుతో అయితే పూల నుసంతా కప్పులోకి దిగుతుంది, పలచటి బట్టలో వడకట్టండి. తీపి కావాలంటే హీదర్ తేనెకి మించింది లేదు. సీసా వంచినా కారదు, జెల్లీలా గట్టిగా ఉంటుంది, చెంచాతో తిప్పితే పలచబడుతుంది, వదిలేస్తే మళ్ళీ బిగుస్తుంది, అందుకే ఆ తేనెని పట్టు నుంచి నొక్కి తీయడం అక్కడ పాత పద్ధతి.

రోజుకి రెండు మూడు కప్పులు, అదీ వారానికి మించి వద్దు. మూత్రం సాఫీగా రావడానికని తాగేవారు. ఇందులో ఫ్లేవనాయిడ్లు, టానిన్లు, కొద్దిగా ఆర్బుటిన్ అనే పదార్థాలు ఉన్నాయి. కానీ పని చేస్తుందని చెప్పేందుకు తగిన రుజువుల్లేవని జర్మనీలో మూలికా మందుల్ని పరిశీలించిన ‘కమిషన్ E’ అనే సంఘం దీన్ని ఆమోదించలేదు. కాబట్టి హాయినిచ్చే ఇంటి టీగానే చూడండి.

కాళ్ళకి కాపడం

నాకు ఎక్కువ నచ్చే వాడకం ఇదే, ఎందుకంటే ఇందులో కడుపులోకి పోయేదేమీ లేదు, రోజంతా కొండ నడిచిన కాళ్ళకి వేడినీళ్ళ సుఖం ఎలాగూ దక్కుతుంది. రెండు లీటర్ల నీళ్ళలో రెండు గుప్పెళ్ళ పూత కొమ్మలు వేసి సన్నటి మంట మీద పావుగంట కాచి, వడకట్టి, టబ్బులో పోసి, ఓర్చుకోగలిగేంత వేడికి వచ్చాక కాళ్ళు ముంచి పావుగంట కూర్చోండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు కాళ్ళు పెట్టే ముందు ఇంట్లో ఇంకొకరి చేత నీళ్ళ వేడి చూపించుకోవాలి.

ఎవరు తాగకూడదు?

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తాగొద్దు. గుండె, కిడ్నీ జబ్బుతో కాళ్ళు వాచినవాళ్ళు, ఒంట్లో నీరు తీసే మాత్రలు గానీ, లిథియం అనే మానసిక జబ్బు మందు గానీ వాడేవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. ఐరన్ మాత్ర వేసుకుంటుంటే రెండు గంటలు ఎడం ఇవ్వండి.

మూత్రంలో మంట ఇన్ఫెక్షన్ వల్ల అయితే ఈ టీతో రోజులు నెట్టకండి. స్కాట్లండ్‌లో ఫార్మసీ ఫస్ట్ సర్వీసు కింద ఆడవాళ్ళకి వచ్చే మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కి ఫార్మసిస్టే చూసి మందు ఇవ్వగలరు, ఖర్చు లేదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి, క్లినిక్ మూసి ఉంటే 111కి ఫోన్ చెయ్యండి.