ఫైబర్ కిట్‌తో జలాంతర్గామి: ముందు నీళ్లని లోపలికి రానివ్వండి

కళింగపట్నం, భావనపాడు, బారువ, ఏ ఒడ్డుకెళ్లినా ఇసుక మీద ఫైబర్ పడవలు కనిపిస్తాయి. వాటికి గాజునార మ్యాట్ వేసి, రెజిన్ అనే జిగురు పూసి బతుకుతున్నవాణ్ణి నేను. పడవ పనిలో మా ధ్యాసంతా ఒకటే: చుక్క నీరు లోపలికి రాకూడదు. రిమోట్‌తో మునిగి తేలే జలాంతర్గామి నమూనా కట్టేటప్పుడు ఆ అలవాటు పక్కన పెట్టాలి. దీని బాడీ నిండా నీళ్లే ఉంటాయి. మోటారు, ఎలక్ట్రానిక్స్ పెట్టి లోపల పడుకోబెట్టిన గొట్టం ఒక్కటే పొడిగా ఉండాలి. ఇది బుర్రకెక్కిందంటే సగం పని అయినట్టే.

నేను చెప్పేది ఫాక్స్‌ట్రాట్ అనే సోవియట్ రకం జలాంతర్గామి కిట్ గురించి. విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా ఆ రకమే. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరిలో విరమించింది, 2002లో మ్యూజియం అయింది. పొడవు 91.3 మీటర్లు. అంటే 1/72 కొలతలో 127 సెంటీమీటర్లు. శ్రీకాకుళం నుంచి బస్సెక్కితే పూట ప్రయాణం కూడా కాదు. కిట్ పెట్టె విప్పకముందే వెళ్లి చూసి రండి. మెట్లెక్కే తొందరలో ఉండకుండా పక్కన నిలబడి, డెక్కు కిందుగా బారులు తీరిన కన్నాలు చూడండి. నీళ్లు వచ్చీ పోయే దారులవే.

కిట్‌లో బాడీ పై డొప్ప, కింద డొప్పగా వస్తుంది. అచ్చులోంచి తీసిన ఆ డొప్పల మీద మైనం ఉంటుంది. అంట్లు తోమే సబ్బునీళ్లతో బాగా కడగండి. కడగకుండా రుద్దితే మైనం గీతల్లోకి దిగిపోయి రంగు నిలవదు. తర్వాత 320 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాలి. పొడిగా రుద్దొద్దు. ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఒంటిమీద పడితే దురద. మాస్కు తప్పనిసరి.

అతుకులన్నిటికీ ఎపాక్సీ జిగురే వాడండి. పడవలకి వాడే పాలియెస్టర్ రెజిన్ ఎండిన ఫైబర్ మీద అంత గట్టిగా పట్టదు. పైగా థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. అయినా పాలియెస్టరే వాడేవాళ్లకి ఒక మాట: ముందు రెజిన్‌లో కోబాల్ట్ (త్వరగా గట్టిపడేలా చేసేది) కలిపి పూర్తిగా తిప్పాకే కెటలిస్ట్ (గట్టిపరిచే మందు) వెయ్యాలి. ఆ రెండూ నేరుగా ఒకదాన్నొకటి తగిలితే పేలే ప్రమాదం ఉంది. పక్కపక్కన కూడా పెట్టకండి.

ఇక కన్నాలు. కిట్ మీద అవి నొక్కుల్లా ఉంటాయి, తెరిచి ఉండవు. ఒక్కో నొక్కులో 1.5 మి.మీ. డ్రిల్లుతో పక్కపక్కనే రెండు మూడు కన్నాలు వేసి, మధ్యలో మిగిలిన గోడని సన్న ఆకురాయితో తీసెయ్యాలి. డ్రిల్లు బయటి నుంచి లోపలికే దిగాలి, వెనక చెక్క ముక్క ఆనించాలి. లోపలి నుంచి తోస్తే జెల్‌కోట్, అంటే పైనున్న నున్నటి పొర, పెచ్చులు లేస్తుంది. ఈ పని చేస్తుంటే మా చెల్లెలి కొడుకు, "ఇన్ని కన్నాలెట్టేస్తన్నావేటి మావయ్యా, ములిగిపోదా?" అన్నాడు. "ములగాలనే కదరా" అన్నాను. కింద డొప్ప అడుగున కూడా కన్నాలుండాలి. డెక్కు మీద నిలబడే టవర్ నెత్తిన గాలి పోవడానికి ఒకటి తప్పదు. గాలి బయటికి పోనిదే నీరు లోపలికి రాదు. ఇక్కడ ఓపిక పట్టి ఎంత సేపైనా చెయ్యండి, పడవ సాఫీగా మునగడం దీనిమీదే ఆధారపడి ఉంది.

ఫాక్స్‌ట్రాట్‌కి ప్రొపెల్లర్లు మూడు. మోటారు మధ్యదానికి మాత్రం పెట్టి, పక్కవి ఊరికే తిరగనివ్వండి. గొట్టంలోంచి బయటికొచ్చే ప్రతి ఇరుసూ నీరు దూరే దారే. గొట్టం రెండు మూతలకీ ఓ-రింగులు (రబ్బరు ఉంగరాలు), వాటికి సిలికాన్ గ్రీజు. ఎలక్ట్రానిక్స్ పెట్టకముందే ఖాళీ గొట్టాన్ని నీళ్లలో అదిమిపట్టి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

నీళ్లు నింపుకొని పడవని ముంచేది బ్యాలస్ట్ ట్యాంకు. అది ఎంత ఉండాలో లెక్క సులువు. డొప్పలు కలిసే గీత వాటర్‌లైన్ (పడవ పైన తేలేటప్పుడు నీటిమట్టం తాకే గీత) దగ్గరే ఉండి, గొట్టం దానికి కిందే ఉందనుకుందాం. పై డొప్పనీ టవర్‌నీ కలిపి సామాన్లు తూచే కొక్కెం త్రాసుకి వేలాడదీసి తూచండి. తర్వాత నీళ్లలో పూర్తిగా ముంచి తూచండి. గాల్లో 900 గ్రాములు, నీళ్లలో 300 గ్రాములు తూగితే తేడా 600. మునిగినప్పుడు పై భాగానికి కొత్తగా వచ్చే తేలుడు అంతే. ట్యాంకు 600 మిల్లీలీటర్లు పట్టాలి. కాస్త ఎక్కువే పెట్టుకోండి.

రంగు వెయ్యకముందే బోరు దగ్గరి సిమెంటు తొట్టిలో తూకం సరిచెయ్యండి. వలకి కట్టే సీసం గుళ్లు అడుగున, వలబెండు ముక్కలు వాటర్‌లైన్‌కి కాస్త కిందుగా. సీసం ఎంత కిందుంటే పడవ అంత నిలకడగా ఉంటుంది. ముక్కు వాలితే సీసాన్ని వెనక్కి జరపండి. ట్యాంకు నిండాక కూడా టవర్ కొస నీటిపైన కొంచెం కనిపిస్తూ ఉండాలి. మిగతాది ముందుకు నడిపిస్తూ రెక్కలతో దింపాలి. అప్పుడు మోటారు ఆగిపోయినా దానంతటదే పైకి తేలుతుంది.

రిమోట్ కొనేటప్పుడు షాపులో అంటగట్టే 2.4 గిగాహెర్ట్జ్‌ది వద్దు. ఆ తరంగం నీళ్లలోకి దాదాపు దిగదు. 27, 40, 75 మెగాహెర్ట్జ్ లాంటి పాత రకం వెతకండి. అదీ మంచినీళ్లలోనే పనిచేస్తుంది, ఉప్పునీరు మింగేస్తుంది. కాబట్టి సముద్రం మన గుమ్మంలో ఉన్నా పనికిరాదు. వంశధార మొగ దగ్గర కూడా వద్దు. గుర్రపుడెక్క లేని ఊరి చెరువు చూసుకోండి. మొదట్లో ముక్కుకి నైలాన్ దారం కట్టి వదలండి. సిగ్నల్ పోతే ట్యాంకు దానంతటదే ఖాళీ అయ్యేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, రిమోట్ ఆపేసి ఒడ్డునే ఒకసారి పరీక్షించండి.

ఇంటికొచ్చాక మూతలు తీసి, గొట్టం లోపల తడి తుడిచి, రాత్రంతా తెరిచి ఉంచండి. ఓ-రింగుల్లో ఇసుక రేణువు ఉందేమో గోటితో తడిమి చూసి, కొత్త గ్రీజు రాశాకే మళ్లీ బిగించండి.