మ్యాచ్‌కు ముందు జట్టును అంచనా వేసేటప్పుడు ఆటగాళ్ల అలసటను లెక్కగట్టడం ఎలా?

ఫుట్‌బాల్ అభిమానుల మధ్య జట్టు ఎంపిక చర్చ చాలాసార్లు పేర్లతో మొదలై పేర్లతోనే ముగుస్తుంది. ఫలానా వింగర్ (మైదానం అంచున ఆడే ఫార్వర్డ్) అలసిపోయాడని ఒకరంటే, కోట్లు తీసుకునేవాడికి అలసటేమిటని మరొకరు ఎదురు ప్రశ్న వేస్తారు. ఇద్దరి దగ్గరా లెక్క ఉండదు. మ్యాచ్‌కు రెండు రోజుల ముందే ఒక కాగితం తీసుకొని కూర్చుంటే ఈ వాదన ఎంతో మెరుగుపడుతుంది. అందుకు శిక్షణ శిబిరంలోని రహస్యాలేవీ తెలియనక్కరలేదు, లీగ్ అధికారికంగా ప్రకటించే మ్యాచ్ వివరాలు చాలు.

ముందుగా గత నాలుగు వారాలలో ప్రతి ఆటగాడు మైదానంలో గడిపిన నిమిషాలను రాసుకోవాలి. మ్యాచ్‌ల సంఖ్యను నమ్ముకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే 88వ నిమిషంలో బెంచి మీద నుంచి లేచి వచ్చినవాడికీ, అదనపు సమయంతో కలిపి 120 నిమిషాలు ఆడినవాడికీ అందులో ఒక్కొక్క మ్యాచే పడుతుంది. లీగ్ మ్యాచ్‌లకు కప్ మ్యాచ్‌లను, జాతీయ జట్టు మ్యాచ్‌లను కూడా కలపాలి. జాతీయ జట్ల మ్యాచ్‌ల కోసం లీగ్ ఆగే అంతర్జాతీయ విరామం అనే మాట విని చాలామంది ఆ రోజులను విశ్రాంతి కింద జమకడతారు. జాతీయ జట్టుకు ఎంపికైన ఆటగాడికి ఆ రోజుల్లో దొరికేది విశ్రాంతి కాదు, సాధారణంగా రెండు మ్యాచ్‌లు, కొందరికి వాటితో పాటు ఖండాంతర ప్రయాణం.

తరువాత చూడవలసింది రెండు మ్యాచ్‌ల మధ్య వ్యవధి. దానిని రోజుల్లో కాక గంటల్లో లెక్కపెట్టాలి. శీతాకాలంలో ఇంగ్లండ్‌లో బుధవారం రాత్రి 8 గంటలకు మొదలైన యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ 10 గంటలకు కాస్త ముందు ముగుస్తుంది. అదే జట్టు శనివారం మధ్యాహ్నం 12.30కు లీగ్ మ్యాచ్ ఆడవలసి వస్తే మధ్యలో మిగిలేది సుమారు 63 గంటలు. మనకు మొదటి మ్యాచ్ గురువారం తెల్లవారుజామున 1.30కు, రెండవది శనివారం సాయంత్రం 6 గంటలకు వస్తుంది కాబట్టి, తేదీలను బట్టి వాదించుకునే ఇద్దరు అభిమానులు ఒకే వ్యవధికి రెండు వేర్వేరు లెక్కలు చెప్పడం మామూలే. మ్యాచ్ తరువాత కండరాల బలమూ, వాటిలో శక్తి కోసం నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థమూ పూర్వస్థితికి రావడానికి సుమారు 72 గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ సమయం పడుతుందన్నది క్రీడా వైద్యంలో చాలాకాలంగా ఉన్న అంచనా.

ఇక్కడే అభిమానులు తరచుగా తప్పటడుగు వేస్తారు. మొన్నటి మ్యాచ్‌లో ఫలానావాడు 11 కిలోమీటర్లు పరుగెత్తాడు కాబట్టి అతడు అలసిపోలేదని వాదిస్తారు. ఛాంపియన్స్ లీగ్ ఆడే ఒక జట్టును రెండు సీజన్ల పాటు పరిశీలించి 2010లో వెలువరించిన అధ్యయనంలో, వారానికి ఒక మ్యాచ్ ఆడినప్పటికీ రెండు ఆడినప్పటికీ పరుగెత్తిన దూరంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గాయాల రేటు మాత్రం 1000 గంటల ఆటకు 4.1 నుంచి 25.6కు పెరిగింది. అంటే అలసట ముందుగా పరుగులో బయటపడాలన్న నియమమేమీ లేదు, అది నేరుగా తొడ వెనుక కండరం మీదికి రావచ్చు. అందువల్ల చర్చలో ‘అతడు బాగానే పరుగెత్తుతున్నాడు కదా’ అన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

ప్రయాణాన్ని విడిగా రాసుకోవాలి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకు వెళ్లిన భారత జట్టు ఇందుకు మంచి ఉదాహరణ. ఇండియన్ సూపర్ లీగ్ సెప్టెంబర్ 21న మొదలవుతున్నందున క్లబ్బులు ఆటగాళ్లను పంపడానికి వెనుకాడాయి. చివరికి కూర్చిన జట్టు మొదటి మ్యాచ్‌కు ముందురోజు గానీ చైనా చేరలేకపోయింది. సెప్టెంబర్ 19న ఆతిథ్య జట్టుతో విరామానికి 1-1తో సమానంగా నిలిచి, రెండవ అర్ధభాగంలో నాలుగు గోల్స్ ఇచ్చి 5-1తో ఓడిపోయింది. ఆపై 21న బంగ్లాదేశ్‌తో, 24న మయన్మార్‌తో ఆడవలసి వచ్చింది. ఓటమి మొత్తాన్నీ ప్రయాణం ఖాతాలో వేయడం న్యాయం కాదు, చైనా బలమైన జట్టు. అయినా ఆరు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఉన్నప్పుడు, 39 ఏళ్ల సునీల్ ఛేత్రిని ఏ మ్యాచ్‌లో ఎంతసేపు ఆడించాలన్నది మూడింటినీ కలిపి ఆలోచించవలసిన ప్రశ్న. మీ కాగితం మీద కూడా రేపటి మ్యాచ్ పక్కన దాని తరువాతి మ్యాచ్ తేదీ తప్పక ఉండాలి.

నిమిషాలన్నీ సమానం కావని కూడా గుర్తుంచుకోవాలి. రక్షణ వరుస మధ్యలో ఉండే సెంటర్ బ్యాక్ ఆడిన 90 నిమిషాలకూ, ఆ వరుస అంచు నుంచి ప్రత్యర్థి పెనాల్టీ బాక్స్ వరకు పరుగెత్తి మళ్లీ వెనక్కి వచ్చే ఫుల్‌బ్యాక్ ఆడిన 90 నిమిషాలకూ పోలిక లేదు. గోల్‌కీపర్‌ను ఈ లెక్కలో దాదాపు పక్కన పెట్టవచ్చు. మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్లు మొత్తం మీద ఎక్కువ దూరం తిరుగుతారు గానీ, పూర్తి వేగంతో తీసే పరుగులు ఎక్కువగా అంచుల్లో ఆడేవారివి. ఒక్కరికే విశ్రాంతి ఇచ్చే వీలుంటే నేను మొదట ఫుల్‌బ్యాక్, వింగర్ పేర్లనే పరిశీలిస్తాను.

అలసిన ఆటగాడి పేరు చెప్పడంతో పని పూర్తికాదు, అతడి స్థానంలో ఎవరిని దింపాలో కూడా చెప్పాలి. రెండు నెలలుగా మైదానంలోకి దిగనివాడి కాళ్లు తాజాగా ఉండవచ్చు గానీ, మ్యాచ్ వేగానికి అలవాటుపడటానికి అతడికి కొంత సమయం పడుతుంది. సెంటర్ బ్యాక్‌లిద్దరినీ ఒకేసారి మార్చితే వారి మధ్య ఉండవలసిన అవగాహన పోతుంది. ఒక్కోసారి కోచ్ ఒక మ్యాచ్‌ను వదులుకోవడానికి కూడా సిద్ధపడతాడు. 2019 డిసెంబర్ 17న లివర్‌పూల్ లీగ్ కప్ క్వార్టర్ ఫైనల్‌కు కుర్రవాళ్లను పంపి ఆస్టన్ విల్లా చేతిలో 5-0తో ఓడింది, ఎందుకంటే మరునాడే దోహాలో మెక్సికో క్లబ్ మాంటెర్రేతో క్లబ్ వరల్డ్ కప్ సెమీఫైనల్ ఉంది. ప్రధాన జట్టు ఆ మ్యాచ్‌ను 2-1తో, 21న అదనపు సమయం దాకా సాగిన ఫైనల్‌ను 1-0తో గెలిచి, 26న లీగ్‌లో లీసెస్టర్‌ను వారి మైదానంలోనే 4-0తో ఓడించింది. విల్లా మ్యాచ్‌ను మాత్రమే చూసి ఆ ఎంపికను తిట్టినవారికి మిగిలిన మూడు తేదీలు కనిపించలేదు.

ఒకప్పుడు ఆడించాలా వద్దా అన్నదే ప్రశ్న. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు కుట్లు పడి ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. అతడే ఒక గోల్ కొట్టాడు, భారత్ 2-1తో దక్షిణ కొరియాను ఓడించి స్వర్ణం గెలిచింది. ఇప్పటిలా ఐదుగురిని మార్చే వీలు ఆనాడు లేదు. ఐదు మార్పుల నియమం 2022లో శాశ్వతమయ్యాక ప్రశ్న రూపం మారింది. విరామ సమయాన్ని మినహాయిస్తే ఆ ఐదుగురినీ మూడు దఫాల్లోనే మార్చాలి కాబట్టి, అలసిన ఇద్దరిని 60వ నిమిషంలో ఒకేసారి బయటికి పిలిచేలా ముందుగానే అనుకోవడం తెలివైన పని. కనుక మీ అంచనాలో ఒక్కొక్క పేరు పక్కన ‘మొదటి నుంచి 60 నిమిషాలు’, ‘చివరి 25 నిమిషాలు’ అన్నట్లు రాయండి. ఫలానావాడిని కూర్చోబెట్టాలన్న మొండి వాదనకంటే ఇది కోచ్ ఆలోచనకు చాలా దగ్గరగా ఉంటుంది.

కోచ్ విలేకరుల సమావేశంలో అందరూ ఫిట్‌గానే ఉన్నారని చెబితే అది సమాచారం కింద లెక్కకు రాదు. ఒక ఆటగాడిని మ్యాచ్ ఉదయం పరీక్షించి చూస్తామన్న మాటకు మాత్రం బరువుంటుంది. పసుపు కార్డుల లెక్కనూ ఒకసారి చూడండి. ప్రీమియర్ లీగ్‌లో మొదటి 19 మ్యాచ్‌ల లోపు ఐదు పసుపు కార్డులు పడితే ఒక మ్యాచ్ నిషేధం ఉంటుంది కాబట్టి, నాలుగు కార్డులతో ఉన్నవాడిని కూర్చోబెట్టినప్పుడు కారణం అలసటే అని తొందరపడకూడదు.

మ్యాచ్‌కు సుమారు గంట ముందు జట్ల జాబితా వస్తుంది. మీ పదకొండు మందిని అంతకు ముందే రాసి పెట్టుకోవాలి, లేకపోతే జాబితా చూశాక అందరూ తాము అదే అనుకున్నామంటారు. జాబితాలో మొదట చదవవలసింది బెంచి. మీరు ఎదురుచూసిన ఆటగాడి పేరు బెంచి మీద ఉంటే అతడికి విశ్రాంతి ఇచ్చారనుకోవచ్చు. అక్కడ కూడా లేకపోతే గాయమో, అనారోగ్యమో, నిషేధమో అయ్యే అవకాశం ఎక్కువ, అప్పుడు తరువాతి మ్యాచ్‌కు కూడా అతడు అందుబాటులో ఉండడేమోనన్న అనుమానంతోనే కొత్త కాగితం మొదలుపెట్టాలి.