ఒక్క పాయింట్ దొరికితే చాలు, మిగతావి గీత గీసి లాగుడే

మొన్న నారాయణగూడలో చాయ్ తాగుతుంటే మా బావమరిది కొడుకు అడిగిండు, "మామా, కర్వ్ మీద రేషనల్ పాయింట్లంటే ఊరికే నంబర్లు పెట్టి చూసుకుంట పోవుడేనా" అని. కాదురా అని బిల్లు వెనకాల గీసి చూపించిన, అదే ఇక్కడ రాస్తున్న. ఎక్స్, వై రెండూ భిన్నాలే అయ్యి ఈక్వేషన్‌కి సరిపోతే అది రేషనల్ పాయింట్, రూట్ 2 లాంటివి నడవయ్.

ముందు సర్కిల్ తీసుకో, ఎక్స్² + వై² = 1. (−1, 0) దాని మీద ఉన్నదని చూడంగనే తెలుస్తది. అక్కడ్నించి స్లోప్ టీ తోని గీత గియ్యి (నీ ముందల గ్లాసుల ఉన్న టీ కాదు), అంటే వై = టీ(ఎక్స్ + 1). దీన్ని సర్కిల్‌ల పెడితే క్వాడ్రాటిక్ వస్తది, ఒక రూట్ −1 అని ముందే తెలుసు గదా, టీ రేషనల్ అయితే రెండోది కూడా రేషనలే కావాలె, తప్పించుకోలేదు. ఎక్స్ = (1 − టీ²)/(1 + టీ²), వై = 2టీ/(1 + టీ²). టీ = 1/2 పెడితే 3/5, 4/5 వస్తయి, స్కూల్ల చదివిన 3-4-5 ట్రయాంగిలే. 2/3 పెడితే 5/13, 12/13. ఇట్ల ఒక్క టీ తోనే మొత్తం నడిచే కర్వ్‌ని రేషనల్ కర్వ్ అంటరు.

మొదటి పాయింటే లేకుంటే మాత్రం ఆట లేదు. ఎక్స్² + వై² = 3 మీద నేను ఒక ఆదివారం మొత్తం వెతికి పరేషాన్ అయిన. భిన్నాలు తీసేస్తే ఎ² + బి² = 3సి², కామన్ ఫ్యాక్టర్ లేకుండ. ఏ స్క్వేర్‌నైనా 3 తోని భాగిస్తే శేషం 0 లేదా 1, అందుకే ఎ, బి రెండూ 3 తోని పోవాలె, అప్పుడు సి కూడా పోతది, కామన్ ఫ్యాక్టర్ వచ్చేసింది, ఖతం. ముందు శేషాలు చూడు, తర్వాత వెతుకు.

ఇప్పుడు అసలు మజా, ఎక్స్³ + వై³ = 1729, రామానుజన్ నంబర్. (1, 12), (9, 10) రెడీగ ఉన్నయి. క్యూబిక్‌ని గీత మూడు చోట్ల తాకుతది, అందుకే చేతిల రెండు పాయింట్లు కావాలె, ఒక్కటే ఉంటే టాంజెంట్ గియ్యాలె. ఈ రెండిటిని కలిపితే వై = (49 − ఎక్స్)/4, పెట్టి సర్దితే 3ఎక్స్³ + 7ఎక్స్² − 343ఎక్స్ + 333 = 0. సాల్వ్ చెయ్యకు! రూట్ల మొత్తం −7/3 (ఎక్స్² ముందున్న 7ని ఎక్స్³ ముందున్న 3 తోని భాగించి గుర్తు మార్చుడే), అందులకెల్లి 1, 9 తీసేస్తే −37/3, వై 46/3. నమ్మకం లేకుంటే 46³ − 37³ = 46683 = 27 × 1729, చూసుకో. (1, 12), (12, 1) మాత్రం కలపకు, స్లోప్ −1 అయ్యి మూడోది ఇన్ఫినిటీకి పోతది.

ఇట్లాంటి క్యూబిక్ మీద ఎన్ని పాయింట్లున్నా కొన్నిటికెల్లే గీతలు గీసి అన్నీ తీయొచ్చని 1922ల మోర్డెల్ అనే లెక్కల పండితుడు నిరూపించిండు. కర్వ్ ఎంత చిక్కుగ ఉందో చెప్పే నంబర్‌ని జీనస్ అంటరు (సర్కిల్‌కి 0, పైన క్యూబిక్‌కి 1), అది 2, ఆపైన అయితే రేషనల్ పాయింట్లు కొన్నే ఉంటయి, అంతులేకుండ ఉండవని 1983ల ఫాల్టింగ్స్ అనే ఇంకో పండితుడు నిరూపించిండు.

సర్ఫేస్ దగ్గరికి వస్తే ముందు పాయింట్లు కాదు, గీతలు వెతుకు. ఎక్స్³ + వై³ + జెడ్³ = 1 మీద (టీ, −టీ, 1) మొత్తం గీతే పడుకోని ఉన్నది, పాయింట్లు కావాల్సినన్ని. ఇసుంటి గీతల మీద లేనిది ఒకటి కావాల్నంటవా, 1729లనే దాగి ఉన్నది: (9, 10, −12).