ఇద్దరు కలిసి ఓరిగామి గేమ్ చేస్తుంటే: మడత ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేయాలి

చదరపు కాగితం, ఒక వైపు రంగు, ఇంకో వైపు తెలుపు. ఆటగాడు వేలితో మూల పట్టి లాగి మడవాలి, చూపించిన ఆకారం తేవాలి. ఇద్దరు స్నేహితులు ఖాళీ వేళల్లో చేసుకోవడానికి బాగా సరిపోయే ఆలోచన ఇది. బొమ్మలు గీయడం తేలికే, కాగితం కాగితంలా ప్రవర్తించేలా చేయడమే కష్టం. కింద చెప్పేవన్నీ గొడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో చేసే 2డి మడత పజిల్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇంజిన్ వేరైనా లెక్క మారదు. కాగితాన్ని 10×10 యూనిట్లుగా తీసుకుందాం.

ఐడియా మీద మాటలు తెగవు, పని మొదలవదు

కారణం: ఒకరి మనసులో పజిల్ ఉంది, ఇంకొకరి మనసులో కాగితపు లోకంలో తిరిగే కథ ఉంది. ఇద్దరూ పైకి మాత్రం "ఓరిగామి గేమ్" అనే అంటున్నారు.

పరిష్కారం: ల్యాప్‌టాప్ మూసేసి మామూలు 80 జీఎస్ఎం ఏ4 కాగితాలు పది తీసుకోండి. పొడవు వైపు 8.7 సెం.మీ. కత్తిరించేస్తే 21 సెం.మీ. చదరం వస్తుంది. ఒక వైపు క్రేయాన్‌తో రంగు వేయండి. మూడు మడతల లోపు తేలే ఆకారాలు ఐదు వేరే కాగితం మీద గీసి, ఆట గురించి ఏమీ తెలియని మూడో మనిషికి ఇవ్వండి. మీరిద్దరూ నోరు విప్పకూడదు. అతను ఎక్కడ ఆగాడు, ఎక్కడ కాగితం తిప్పి చూశాడు, ఎక్కడ విసుక్కున్నాడు, అంతే రాసుకోండి. కథ కావాలన్న మనిషికి ఇక్కడే తెలిసిపోతుంది, మడవడంలో సరదా ఉందో లేదో. ఇది చిన్నపిల్లల పనిలే అని దాటేసి నేరుగా ఇంజిన్ తెరిచేవాళ్లే ఎక్కువ.

మడిచిన ముక్క సాగుతోంది, లేదా కుంచించుకుపోతోంది

మడత అంటే లెక్కలో అద్దంలా తిరగేయడమే. మడత గీతకు లంబంగా ఒక దిశ తీసుకుని, ప్రతి మూల గీతకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరానికి రెట్టింపు వెనక్కి జరపాలి. ఆ లంబ దిశ పొడవు కచ్చితంగా 1 ఉండాలి. వేలు లాగిన దూరాన్నే దిశగా వాడేస్తే ముక్క సైజు మారిపోతుంది. దాన్ని ముందే నార్మలైజ్ చేయండి.

దీనితోపాటు ఒక కాపలా పెట్టుకోండి: ప్రతి మడత తర్వాత ముక్కలన్నిటి వైశాల్యం (ప్లస్, మైనస్ గుర్తు వదిలేసి) కూడితే 100 రావాలి. 99.9 కంటే తగ్గినా 100.1 దాటినా టెస్ట్ ఆగిపోవాలి. ఈ ఒక్క తనిఖీ సగం బగ్గులను పుట్టిన చోటే పట్టిస్తుంది.

రెండో మడత నుంచి పొరలు తారుమారు

అసలు తలనొప్పి ఇదే. మొదటి మడత ఎవరు రాసినా బాగానే కనిపిస్తుంది. రెండోది మడిచేసరికి కింద ఉండాల్సిన తెలుపు పైకి వస్తుంది, రంగు ముక్క మాయమవుతుంది.

కారణం: కదిలే ముక్కలను ఉన్న వరుసలోనే తీసుకెళ్లి పైన పెట్టడం. నిజం కాగితంలో కదిలే పొరల కట్ట మొత్తం బోర్లా పడుతుంది, అంటే వాటి వరుస తిరగబడుతుంది.

చేత్తో చూడండి. కాగితాన్ని నాలుగు గడులు చేసి, ఎడమ కింద 1, కుడి కింద 2, కుడి పైన 3, ఎడమ పైన 4 అని పెన్సిల్‌తో రాయండి. కుడి సగాన్ని ఎడమ మీదకు మడవండి. తర్వాత పై సగాన్ని కిందికి మడవండి. ఇప్పుడు అడుగు నుంచి పైకి వరుస 1, 2, 3, 4. వరుస తిరగేయడం మరిచిన కోడ్ 1, 2, 4, 3 ఇస్తుంది. 1 నుంచి 4కి, 2 నుంచి 3కి ఒకే మడత అంచు మీద అతుకులున్నాయి కాబట్టి, ఆ వరుసలో కాగితం తనలోంచి తానే దూరిపోవాలి. అసాధ్యం.

సరైన క్రమం ఇది:

1. ప్రతి ముక్క మూలలన్నీ గీతకు ఏ వైపున ఉన్నాయో చూడాలి.
2. రెండు వైపులా పరుచుకున్న ముక్కను గీత దగ్గర రెండుగా కోయాలి.
3. కదిలే వైపు ముక్కలను గీత మీదుగా తిరగేయాలి.
4. వాటి వరుసను తల్లకిందులు చేయాలి.
5. లోయ మడతైతే (మన వైపుకు మడిచేది) ఆ కట్టను అన్నిటికన్నా పైన, కొండ మడతైతే (వెనక్కి మడిచేది) అన్నిటికన్నా అడుగున చేర్చాలి.

ఏ ముక్క రంగు వైపు కనిపిస్తోందో వేరే జెండా (అవును, కాదు అని గుర్తుంచుకునే విలువ) పెట్టి గుర్తుంచుకోనక్కర్లేదు. తిరగేసిన ప్రతిసారీ మూలల చుట్టుదిశ మారుతుంది కాబట్టి వైశాల్యం గుర్తు ప్లస్ అయితే రంగు, మైనస్ అయితే తెలుపు. జెండా పెట్టుకుంటే అది, నిజం ఒకదానికొకటి పొంతన లేకుండా పోవడం ఖాయం.

ఇక సేవ్ చేయాల్సింది ముక్కలను కాదు, మడతల జాబితాను. వెనక్కి వెళ్లే బటన్ నొక్కితే చివరి మడత తీసేసి, మొదటి నుంచి మళ్లీ మడిచేయండి. ఒక్కో మడతకు ముక్కలు మహా అయితే రెట్టింపవుతాయి. ఆరు మడతలకు 64. ఫోన్‌కి అది లెక్కలోది కాదు.

పై పొర ఒక్కటే మడిస్తే కాగితం చిరిగినట్టవుతోంది

వేలు తగిలిన ముక్కను ఒక్కదాన్నే తిప్పారు, దానికి అతుక్కుని ఉన్న ముక్క అక్కడే ఉండిపోయింది. ప్రతి ముక్కకూ పొరుగు ముక్కల జాబితా ఉంచండి, ఏ అంచు దగ్గర అతుకుందో కూడా. కదిలే ముక్కతో మొదలుపెట్టి, ఉమ్మడి అంచు కొత్త మడత గీత మీద లేని పొరుగువాళ్లందరినీ కదిలే జాబితాలో చేర్చుకుంటూ పోవాలి. లోయ మడతలో వాటి మీద కూర్చున్న పొరలు కూడా కదలాల్సిందే. అలా చేరుస్తూ పోగా గీతకు అవతల ఉన్న ముక్క కూడా జాబితాలోకి వస్తే ఆ మడత కుదరదని అర్థం. గీతను ఎరుపు చేసి వదిలేయండి.

మొదటి వెర్షన్‌లో ఈ సౌకర్యమే వద్దనడం మా సలహా. అన్ని పొరలూ కలిపి మడిచే ఆటతోనే ముప్పై లెవెల్స్ హాయిగా వస్తాయి.

నాలుగైదు మడతల తర్వాత వెంట్రుకలంత సన్నటి చీలికలు

గీత మీదే ఉండాల్సిన మూల 32 బిట్ లెక్కల్లో కొంచెం అటో ఇటో పడి, ముక్క అనవసరంగా రెండుగా తెగుతోంది. గీతకు 0.001 యూనిట్ల లోపు ఉన్న మూలను గీత మీద ఉన్నట్టే లెక్కించండి. కోసిన తర్వాత 0.0001 కంటే తక్కువ వైశాల్యం ఉన్న ముక్కను పారేయండి. వేలు వదిలిన చోటు మూలకో అంచు మధ్యకో 0.4 యూనిట్ల లోపు దూరంలో ఉంటే దానికే అతుక్కోనివ్వండి. ఆటగాడికి సుఖం, మీ లెక్కకూ సుఖం.

3డిలో మడత యానిమేషన్ పెడితే మెరుస్తోంది

ఒకే లోతులో రెండు పొరలు ఉంటే ఏది ముందో గ్రాఫిక్స్ కార్డ్ ఫ్రేముకో మాట చెబుతుంది. పొర పొరకు 0.01 ఎడం ఇవ్వండి, కెమెరా నియర్ విలువను (ఎంత దూరం నుంచి గీయడం మొదలుపెట్టాలన్నది) 1 దాకా పెంచండి. బోర్లా పడ్డ ముక్క అసలే కనిపించకపోతే మెటీరియల్‌లో కల్ మోడ్ (వెనక వైపును గీయకుండా వదిలేసే సెట్టింగ్) డిజేబుల్ చేయాలి. ముక్క గాల్లోకి ఎగిరిపోతే గీత చుట్టూ కాక, సున్నా బిందువు చుట్టూ తిప్పుతున్నారు. ముందు గీతను సున్నాకు జరిపి, తిప్పి, మళ్లీ వెనక్కి జరపండి.

ఆటగాళ్లు మీరు అనుకోని దారిలో గెలుస్తున్నారు, లేదా సరిగ్గా మడిచినా గెలవట్లేదు

రెండో దానికి కారణం, మడతల క్రమాన్ని పోల్చడం. ఒకే ఆకారానికి చాలా దారులుంటాయి. ఆకారాన్నే పోల్చండి: 64×64 చుక్కల వలలో ప్రతి చుక్క దగ్గర రంగా, తెలుపా, ఖాళీనా అని చూసి 97 శాతం కలిస్తే గెలిచినట్టే. ఆకారాన్ని పక్కకు తిప్పి తెచ్చినా ఒప్పుకుంటారా లేదా అన్నది ఇద్దరూ ముందే తేల్చుకోండి.

మొదటిది బగ్గే కాదు. మీ ఐదు మడతల లెవెల్ మూడింట్లో తేలిపోతే మాత్రం ఇబ్బంది. అది కనిపెట్టే చిన్న సాల్వర్ రాయొచ్చు. 4×4 గడుల వలలో 25 బిందువులు, ఏ బిందువును దేని మీదకు లాగాలన్నది 600 రకాలు. నేరుగా వెతికితే మూడో మడతకే 21.6 కోట్లు. ఒకే గీత ఇచ్చే జతలను, ఒకే ఆకారానికి చేరిన దారులను తీసేస్తూ వెళ్తేనే పని జరుగుతుంది.

గీసిన క్రీజ్ ప్యాటర్న్ (విప్పిన కాగితం మీద మడత గీతల పటం) లెవెల్ ఎంతకీ మడవట్లేదు

కాగితం లోపల గీతలు కలిసే ప్రతి బిందువు దగ్గర రెండు నియమాలున్నాయి. మాయేకావా నియమం ప్రకారం కొండ, లోయ మడతల సంఖ్యల తేడా 2 ఉండాలి. కవాసాకి నియమం ప్రకారం చుట్టూ ఉన్న కోణాల్లో ఒకటి విడిచి ఒకటి కూడితే 180 డిగ్రీలు రావాలి. రెండూ సరిపోయినా మొత్తం కాగితం మడుస్తుందన్న హామీ లేదు. అది తేల్చడం ఎన్‌పీ-హార్డ్ (గీతలు పెరిగే కొద్దీ కంప్యూటర్‌కూ త్వరగా తేలని లెక్క) అని పరిశోధకులు బెర్న్, హేస్ 1996లోనే నిరూపించారు. అందుకే గీతలు గీసి లెవెల్స్ చేయకండి. ఖాళీ కాగితాన్ని మీ ఎడిటర్‌లోనే మడిచి, ఆ మడతలను రికార్డ్ చేసుకోండి.

ఒకరి పని ఇంకొకరి పనిని మింగేస్తోంది

ఇద్దరూ ఒకే సీన్ ఫైల్ (గొడోలో ఒక తెర అమరిక ఉండే ఫైల్) తెరిచారు. లెవెల్స్‌ని సీన్‌లో పెట్టకుండా ఒక్కో లెవెల్‌కు ఒక్కో జేసన్ (మామూలు టెక్స్ట్) ఫైల్ చేయండి. మడత లెక్క ఒకరిది, స్క్రీన్లూ లెవెల్సూ ఇంకొకరివి. డాట్ గొడో ఫోల్డర్ (ఇంజిన్ తనంతట తాను తయారుచేసుకునేది) గిట్‌లోకి, అంటే ఇద్దరి కోడ్ మార్పులను భద్రపరిచే పనిముట్టులోకి, వెళ్లకూడదు. 100 ఎంబీ దాటిన ఫైల్‌ను గిట్‌హబ్ తిప్పి కొడుతుంది కాబట్టి పెద్ద ఆడియో ఫైళ్లకు ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్లను విడిగా దాచే గిట్ సదుపాయం) వాడండి.

విడుదల దగ్గర పడ్డాక "ఇది ఎవరిది?" అన్న ప్రశ్న

రెండు చోట్ల వస్తుంది. ఒకటి, మోడల్స్. కొంగ, పడవ, శిరస్త్రాణం, గెంతే కప్ప సంప్రదాయంగా వస్తున్నవి, వాడుకోవచ్చు. ఈ కాలపు కళాకారుల డిజైన్లు అలా కాదు. తమ క్రీజ్ ప్యాటర్న్‌లను పెయింటింగుల్లో వాడారంటూ రాబర్ట్ లాంగ్‌తోపాటు మరికొందరు ఓరిగామి కళాకారులు 2011లో చిత్రకారిణి సారా మోరిస్ మీద అమెరికాలో దావా వేశారు, 2013లో అది రాజీతో ముగిసింది. అనుమతి రాతలో తీసుకోండి, లేదా సొంతంగా మడుచుకోండి.

రెండోది మీ ఇద్దరి మధ్య. ఒక పేజీ చాలు: ఆదాయంలో వాటా ఎంత, స్టోర్ అకౌంట్ ఎవరి పేరున, ఒకరు మధ్యలో ఆపేస్తే కోడ్, బొమ్మలు రెండో మనిషి వాడుకోవచ్చా, పేరు వేయాలా. తేదీ వేసి ఇద్దరూ సంతకం పెట్టి, స్కాన్ చేసి రిపోజిటరీ (గిట్‌లో మీ కోడ్ ఉండే చోటు) బయట దాచుకోండి. మొదటి రూపాయి రాకముందు ఇది పది నిమిషాల పని.